పత్రికా? పాఠమా? : హేజెల్‌వుడ్ తీర్పులో విద్యార్థి వాక్కు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా సుప్రీంకోర్టు 1988లో వెలువరించిన హేజెల్‌వుడ్ తీర్పు పాఠశాల పత్రికను ప్రచురణగా కాక బోధనలో భాగంగా పరిగణించింది. ఆ కారణంతోనే దానిపై పాఠశాల అధికారుల అదుపును సమర్థించింది. ఆ తీర్పును దాని సొంత కొలమానంతోనే పరీక్షించి, అందులోని అంతర్వైరుధ్యాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. 1969 నాటి టింకర్ తీర్పుతోను, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1986లో రాసిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పుతోను దానిని పోల్చి, విద్యార్థి వాక్కుకు హద్దు గీసే అధికారం ఏ రూపంలో ఉండాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: భావప్రకటన స్వేచ్ఛ, పాఠశాల పత్రిక, ముందస్తు సెన్సారు, టింకర్, హేజెల్‌వుడ్, చిన్నప్పరెడ్డి, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

పాఠశాలలో వెలువడే పత్రిక ఎవరిది? రాసేవారు విద్యార్థులు. ముద్రణ ఖర్చు భరించేది పాఠశాల. తప్పులు దిద్దేది ఉపాధ్యాయుడు. చదివేవారు తోటి విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఊరివారు. ఈ నలుగురిలో ఎవరి వాటా ముఖ్యమని భావిస్తామో దానిని బట్టి పత్రిక స్వరూపం మారుతుంది. రచయిత ముఖ్యమనుకుంటే అది వాక్కు. ఖర్చు పెట్టినవారు ముఖ్యమనుకుంటే అది సంస్థ ప్రకటన. దిద్దేవారు ముఖ్యమనుకుంటే అది అభ్యాసం. పాఠకులు ముఖ్యమనుకుంటే అది సమాచారం. పాఠశాల పత్రికలకు సంబంధించిన న్యాయచర్చ అంతా ఈ నాలుగు నిర్వచనాల మధ్య సాగిన వివాదమే.

ఈ వివాదానికి ప్రధాన రంగస్థలం అమెరికా. అక్కడి రాజ్యాంగానికి 1791లో చేరిన మొదటి సవరణ వాక్స్వేచ్ఛను, పత్రికాస్వేచ్ఛను కాపాడుతుంది. అయితే అది ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుంది. అందువల్ల ఈ చర్చ ప్రభుత్వ పాఠశాలలకే వర్తిస్తుంది. ప్రైవేటు పాఠశాలలకు నేరుగా వర్తించదు. ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఒకే సమయంలో గురువు, ప్రభుత్వ ప్రతినిధి కూడా. ఆయన చేతిలోని కలం గురువుగా దిద్దుతున్నదా, ప్రభుత్వంగా కొట్టివేస్తున్నదా అన్నదే ఇక్కడి మూలప్రశ్న.

2. టింకర్ తీర్పు: వక్తగా విద్యార్థి

1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధమృతులకు సంతాపంగా చేతికి నల్లపట్టీలు కట్టుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ సంగతి ముందే తెలుసుకున్న ప్రధానోపాధ్యాయులు పట్టీలను నిషేధించారు. అయినా కట్టుకువచ్చిన విద్యార్థులను సస్పెండు చేశారు. 1969 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ ఏబ్ ఫోర్టాస్.

పాఠశాల ద్వారం దగ్గర విద్యార్థులు గాని, ఉపాధ్యాయులు గాని తమ రాజ్యాంగ హక్కులను వదిలిపెట్టి లోపలికి రారన్నది ఈ తీర్పు సారాంశం. ఇందులోని ద్వారరూపకం తరువాతి తీర్పులన్నింటినీ వెంటాడింది. విద్యార్థిని అణచాలంటే బోధనకు గణనీయమైన ఆటంకం కలిగిందని గాని, కలుగుతుందని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని గాని, ఇతరుల హక్కులకు భంగం వాటిల్లుతున్నదని గాని అధికారులు చూపాలి. ఏదో జరగవచ్చునన్న అస్పష్టమైన భయం చాలదు. రాజకీయ ప్రచార బిళ్ళలను అనుమతించిన ఆ పాఠశాలలు నల్లపట్టీలను మాత్రమే ఎంచి నిషేధించిన విషయాన్ని కూడా న్యాయస్థానం గుర్తించింది.

ఇక్కడ గమనించవలసింది నిరూపణ భారం ఎవరిపై ఉందన్నది. టింకర్ దృష్టిలో విద్యార్థి వక్త. కారణం చెప్పవలసింది అధికారి. పందొమ్మిదేళ్ళ తరువాత వచ్చిన హేజెల్‌వుడ్ తీర్పు ఈ భారాన్ని తలకిందులు చేసింది.

3. ‘స్పెక్ట్రమ్’ పత్రిక: జరిగినదేమిటి?

మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీలోని హేజెల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాలలో జర్నలిజం తరగతి విద్యార్థులు ‘స్పెక్ట్రమ్’ అనే పత్రికను తెచ్చేవారు. 1982–83 విద్యా సంవత్సరంలో దాదాపు మూడు వారాలకొకసారి వెలువడిన ఈ పత్రిక ప్రతులు 4,500కు పైగా పంపిణీ అయ్యాయి. ఆ ఏడాది ముద్రణ ఖర్చు 4,668 డాలర్లకు పైబడగా, అమ్మకాల ద్వారా వచ్చింది 1,166 డాలర్ల చిల్లర. మిగిలిన భారం విద్యామండలిదే.

1983 మే 13 సంచిక అచ్చుప్రతులు మే 10న ప్రధానోపాధ్యాయుడి వద్దకు చేరాయి. ఆయన రెండు కథనాలకు అభ్యంతరం చెప్పాడు. ఒకటి ఆ పాఠశాలలోనే చదువుతున్న ముగ్గురు విద్యార్థినుల గర్భధారణ అనుభవాలకు సంబంధించినది. పేర్లు మార్చినా వారెవరో పోల్చుకోవచ్చునని, అందులోని ప్రస్తావనలు చిన్న తరగతులవారికి తగవని ఆయన భావన. రెండవది తల్లిదండ్రుల విడాకులు పిల్లలపై చూపే ప్రభావాన్ని గురించినది. అందులో ఒక విద్యార్థిని తన తండ్రిపై చేసిన ఫిర్యాదుకు ఆ తండ్రి సమాధానం తీసుకోలేదన్నది ఆయన అభ్యంతరం. తుదిప్రతిలో ఆ విద్యార్థిని పేరును ఉపాధ్యాయుడు అప్పటికే తొలగించాడు. ఆ సంగతి ప్రధానోపాధ్యాయుడికి తెలియదు.

సవరించడానికి వ్యవధి లేదని తలచి, ఆరు పుటల సంచికను నాలుగు పుటలకు కుదించమని ఆయన ఆదేశించాడు. తీసివేసిన రెండు పుటల్లో ఈ రెండు కథనాలే కాక, కౌమార వివాహాలు, ఇల్లు విడిచిపోయే పిల్లలు, బాలనేరస్థులు, కౌమార గర్భధారణ అనే అంశాలపై సాధారణ వ్యాసాలు కూడా ఉన్నాయి. వాటిపై తనకు అభ్యంతరం లేదని, అవే పుటల్లో ఉన్నందువల్ల మాత్రమే అవి పోయాయని ఆయనే న్యాయస్థానంలో చెప్పాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లన్న సామెతకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

క్యాథీ కుల్మైయర్‌తో పాటు మరో ఇద్దరు పత్రికా సభ్యులు కోర్టుకు వెళ్ళారు. జిల్లా న్యాయస్థానం పాఠశాలను సమర్థించింది. అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును తిరగరాసింది. చివరకు 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5–3 ఆధిక్యంతో పాఠశాల పక్షాన నిలిచింది. ఆధిక్య తీర్పు జస్టిస్ బైరన్ వైట్‌ది. జస్టిస్ విలియం బ్రెన్నన్ రాసిన అసమ్మతి తీర్పుతో జస్టిస్ మార్షల్, జస్టిస్ బ్లాక్‌మన్ ఏకీభవించారు.

4. ఆధిక్య తీర్పు వాదక్రమం

వైట్ తీర్పు మూడు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టు నామకరణం. స్పెక్ట్రమ్ బహిరంగ వేదిక కాదు. అది ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో సాగే అభ్యాసం. సంపాదకుల ఎంపిక, పుటల సంఖ్య, వ్యాసాంశాల కేటాయింపు అన్నీ ఉపాధ్యాయుడే చేశాడు కనుక పత్రికపై అంతిమాధికారం పాఠశాలదే అన్నది వాదం. రెండవ మెట్టు విభజన. విద్యార్థి తనంతట తాను పలికే మాటను సహించడం వేరు. పాఠశాల తన పేరును, సొమ్మును జోడించి ఒక మాటను ప్రోత్సహించడం వేరు. టింకర్ మొదటిదానికే వర్తిస్తుంది. మూడవ మెట్టు కొలమానం. పాఠశాల పేరుతో వెలువడే వాక్కుపై అధికారుల అదుపు ‘న్యాయబద్ధమైన బోధనా ప్రయోజనాలకు’ సహేతుకంగా సంబంధించినదైతే చాలు.

ఈ వాదంలో బలం లేదనడం సరికాదు. పద్నాలుగేళ్ళ పాఠకులు, గుర్తుపట్టగల బాలికల ఆంతరంగిక జీవితం, సమాధానం చెప్పుకొనే అవకాశం దక్కని తల్లిదండ్రులు అనే మూడు చింతలూ ఏ బాధ్యతాయుతమైన సంపాదకుడికైనా కలిగేవే. సంస్థ పేరుతో వచ్చే ప్రతి వాక్యానికీ సంస్థ పూచీ పడినట్లు పాఠకుడు భావించవచ్చునన్నది కూడా కాదనలేని సంగతి. అసమ్మతి తీర్పు సైతం బోధన అవసరాలను నిరాకరించలేదు. వ్యాకరణదోషాలను, బలహీనమైన పరిశోధనను దిద్దే అధికారం గురువుకు ఉందని బ్రెన్నన్ ఒప్పుకున్నాడు. కాబట్టి వివాదం గురువు కలం గురించి కాదు. ఆ కలం ఎలా నడిచిందన్నదాని గురించి.

అయితే మొదటి మెట్టులోని నామకరణం నిలవడం కష్టం. మొదటి సవరణ ఇచ్చే హక్కులన్నింటినీ స్వీకరిస్తున్నామని స్పెక్ట్రమ్ ఆ విద్యా సంవత్సరం ఆరంభంలోనే తన పుటల్లో ప్రకటించుకుంది. బాధ్యతాయుతమైన జర్నలిజం నియమాలకు లోబడి స్వేచ్ఛాభివ్యక్తిని, భిన్నదృక్పథాలను అడ్డుకోబోమని విద్యామండలి విధానపత్రమూ చెప్పింది. ఆధిక్య తీర్పు ఈ రెండింటినీ ప్రస్తావించి, వాటి అర్థాన్ని కుదించింది. పాఠశాల పత్రికకు సహజంగా ఉండే హక్కులలో జోక్యం చేసుకోబోమని మాత్రమే ఆ ప్రకటనల భావమని, పత్రికను బహిరంగ వేదికగా మార్చే ఉద్దేశం వాటిలో లేదని వ్యాఖ్యానించింది. ఆ ‘సహజమైన హక్కులు’ ఏమిటో తేల్చవలసిన సందర్భంలో అవి ఉన్నంతవరకే ఉన్నాయనడం ఒక చక్రకం.

5. ఔచిత్య విచారణ: తీర్పును దాని కొలమానంతోనే చూస్తే

స్పెక్ట్రమ్ పత్రిక కాదు, పాఠమే అనుకుందాం. అప్పుడు ప్రధానోపాధ్యాయుడి చర్య కూడా పాఠంలో భాగమే కావాలి. ఆ చర్య విద్యార్థులకు ఏం నేర్పింది?

గోప్యతను ఎలా కాపాడాలో, ఎదుటిపక్షం వివరణను ఎలా తీసుకోవాలో, చిన్న వయసు పాఠకులున్నప్పుడు సున్నితమైన విషయాన్ని ఎలా చెప్పాలో జర్నలిజం తరగతి నేర్పవలసిన పాఠాలు. ప్రధానోపాధ్యాయుడి అభ్యంతరాలు మూడూ సరిగ్గా ఈ పాఠాలకు సంబంధించినవే. కాని ఆ అభ్యంతరాలు దిద్దుబాట్లుగా విద్యార్థులకు చేరలేదు. వారిని పిలిచి చెప్పలేదు. సవరణ అడగలేదు. ప్రచురణను వాయిదా వేయలేదు. సంస్థకు ఈ అభిప్రాయాలతో సంబంధం లేదన్న గమనికనైనా చేర్చలేదు. పుటలు తగ్గాయన్న సంగతి పత్రిక చేతికి వచ్చాకనే విద్యార్థులకు తెలిసింది. ఇలాంటి మృదువైన ప్రత్యామ్నాయాలు ఉండగా అత్యంత కఠినమైన దానిని ఎంచుకోవడాన్నే బ్రెన్నన్ తీవ్రంగా తప్పుబట్టాడు. పౌరశాస్త్ర పాఠాన్ని ఆశించిన ఆ పిల్లలకు న్యాయస్థానం నేర్పినది వేరొక పాఠమన్న భావంతో ఆయన తన తీర్పును ముగించాడు.

భారతీయ కావ్యశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని ప్రాణతత్త్వంగా నిలిపినప్పుడు పదం, వాక్యం, ప్రబంధార్థం మొదలైన స్థానాలలో దేనికది విడిగా ఔచిత్యాన్ని పరీక్షించాడు. ఒక పదం అనుచితమైతే దోషం ఆ పదానిదే. కావ్యమంతా త్యాజ్యం కాదు. హేజెల్‌వుడ్‌లో ‘తగనిది’ అన్న నిర్ణయం ఈ వివేకానికి సరిగ్గా వ్యతిరేకంగా నడిచింది. ఒక పేరాలోని దోషం కథనానికి, కథనం దోషం పుటకు, పుట దోషం పక్కనున్న నిర్దోషమైన వ్యాసాలకు అంటుకుంది. ఆ వ్యాసాల తొలగింపునకు ఏ బోధనా ప్రయోజనమూ లేదు. తీర్పు పెట్టుకున్న కొలమానం ప్రకారమే ఆ భాగమైనా వీగిపోవాలి. ఆధిక్య తీర్పు మాత్రం వ్యవధి లేదన్న ప్రధానోపాధ్యాయుడి నమ్మకాన్ని సహేతుకమని అంగీకరించి ఆ చిక్కును దాటవేసింది.

కొలమానంలోని మరో లోపం దాని వైశాల్యం. సరిగా రాయనిది, పక్షపాతం గలది, అపరిణత పాఠకులకు తగనిది అన్న వర్గాలతో పాటు, వివాదాస్పద రాజకీయ విషయాల్లో తటస్థతకు భంగం కలిగించే వాక్కునుంచి సైతం పాఠశాల దూరం జరగవచ్చునని తీర్పు చెప్పింది. ఇంత విశాలమైన ద్వారంలోనుంచి అధికారికి అసౌకర్యం కలిగించే ఏ వార్తనైనా బయటికి పంపివేయవచ్చు.

6. తీర్పు ప్రభావం

తరువాతి చరిత్ర ఈ భయాన్ని కొంతవరకు నిజం చేసింది, కొంతవరకు సరిదిద్దింది. మిషిగన్‌లోని యుటికా ఉన్నత పాఠశాల పత్రికలో 2002లో ఒక కథనం నిలిచిపోయింది. పాఠశాల బస్సుల గ్యారేజీ నుంచి వచ్చే డీజిలు పొగ తమ ఆరోగ్యాన్ని దెబ్బతీసిందంటూ ఒక కుటుంబం వేసిన దావాను గురించినది ఆ కథనం. ఇక్కడ గోప్యత సమస్య లేదు. లైంగిక ప్రస్తావన లేదు. ఉన్నది పాఠశాల యాజమాన్యానికి ఇబ్బంది కలిగించే వార్త. 2004లో అక్కడి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం హేజెల్‌వుడ్ కొలమానాన్నే వర్తింపజేసి ఈ సెన్సారు చెల్లదని తేల్చింది. కొలమానానికి కొంత కోరలున్నాయని ఈ కేసు చూపింది. అయితే ఆ న్యాయం కోర్టు మెట్లెక్కగలిగిన విద్యార్థికే దక్కుతుంది.

కళాశాలల విషయంలో ప్రమాదం ఇంకా స్పష్టం. ఇదే విధేయత కళాశాల స్థాయిలో తగునా అన్న ప్రశ్నను హేజెల్‌వుడ్ తీర్పు ఒక పాదసూచికలో తెరచి ఉంచింది. ఇలినాయ్‌లోని గవర్నర్స్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి పత్రిక ‘ఇన్నోవేటర్’ను తాము చూడకుండా అచ్చువేయవద్దని ఒక డీన్ ముద్రాపకుడికి చెప్పిన వివాదంలో ఏడవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం 2005లో హేజెల్‌వుడ్ చట్రాన్ని విశ్వవిద్యాలయానికి కూడా విస్తరించింది. వయోజనులైన విద్యార్థుల పత్రికకు పిల్లల పత్రిక కొలత సరిపోతుందన్న ఈ భావనకు జవాబుగా ఇలినాయ్ శాసనసభ 2007లో కళాశాల పత్రికలకు రక్షణ కల్పించే చట్టం చేసింది. కాలిఫోర్నియాలో హేజెల్‌వుడ్‌కు ముందే, 1977 నుంచి, పాఠశాల విద్యార్థుల పత్రికాస్వేచ్ఛకు చట్టం ఉంది. 1988 తరువాత మసాచుసెట్స్, అయోవా, కొలరాడో, కాన్సస్, అర్కాన్సాస్ వంటి రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 2015లో ఉత్తర డకోటా చేసిన చట్టం ‘న్యూ వాయిసెస్’ పేరుతో సాగుతున్న చట్టాల వరుసకు ఊపునిచ్చింది.

2021 నాటి మహానాయ్ తీర్పుతో ఒక విచిత్రమైన పరిస్థితి తేటతెల్లమైంది. ఛీర్‌లీడింగ్ జట్టులో కోరుకున్న స్థానం దక్కని ఒక బాలిక వారాంతంలో, పాఠశాల వెలుపల, స్నాప్‌చాట్‌లో పెట్టిన అసభ్యమైన వ్యాఖ్యకు సుప్రీంకోర్టు 8–1 ఆధిక్యంతో రక్షణ ఇచ్చింది. పాఠశాలలు ప్రజాస్వామ్యానికి నారుమళ్ళని, జనాదరణ లేని మాటను కాపాడడంలో పాఠశాలకూ ప్రయోజనం ఉందని జస్టిస్ బ్రయర్ అందులో అన్నాడు. ఆ తీర్పు న్యాయమైనదే. కాని రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: క్షణికావేశంలో పుట్టిన తిట్టుకు దక్కిన రక్షణ, వారాల తరబడి వివరాలు సేకరించి, పేర్లు మార్చి, ఉపాధ్యాయుడికి చూపి రాసిన కథనానికి దక్కలేదు. శ్రమించి, బాధ్యతతో రాసినవాడు అధిక పర్యవేక్షణకు లోనవుతాడు. వాక్కుకు సంస్కారం నేర్పవలసిన సంస్థ సంస్కారవంతమైన వాక్కుకే తక్కువ స్వేచ్ఛ ఇవ్వడం విద్యాదృష్టితో సమర్థించలేనిది.

7. చిన్నప్పరెడ్డి తీర్పు: అధికారానికి ఆధారం ఏది?

హేజెల్‌వుడ్‌కు రెండేళ్ళ ముందు, 1986 ఆగస్టు 11న, భారత సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో తీర్పు చెప్పింది. దానిని రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయగీతం పాడే సమయంలో గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కారు. 1985 జూలైలో వారిని పాఠశాల నుంచి తొలగించారు. హైకోర్టులో వారికి ఊరట దక్కలేదు. సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశించింది.

ఈ తీర్పు అమెరికా చర్చకు దూరమైనది కాదు. పతాకవందనం చేయనన్న పిల్లలను కాపాడిన 1943 నాటి బార్నెట్ తీర్పును, అందులోని జస్టిస్ జాక్సన్ మాటలను చిన్నప్పరెడ్డి ఆధారంగా తీసుకున్నారు. అయితే ఆయన వేసిన కీలకమైన ప్రశ్న భారత రాజ్యాంగ నిర్మాణం నుంచి వచ్చింది. అధికరణం 19(2) ప్రకారం భావప్రకటన స్వేచ్ఛకు పరిమితి ‘చట్టం’ ద్వారానే రావాలి. పిల్లల తొలగింపునకు ఆధారంగా చూపినవి విద్యాశాఖ సర్క్యులర్లు. వాటికి చట్టబలం లేదు. జాతీయగీతం పాడి తీరాలన్న చట్టమూ లేదు. 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం గీతాలాపనను ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని శిక్షిస్తుంది కాని మౌనంగా నిలబడడాన్ని కాదు. కనుక ఆ తొలగింపు అధికరణాలు 19(1)(ఎ), 25(1) కల్పించిన హక్కులకు భంగకరమని తీర్పు తేల్చింది.

హేజెల్‌వుడ్ ఆధిక్య తీర్పులోని ఒక పాదసూచికను దీని పక్కన ఉంచి చూడాలి. ప్రచురణకు ముందే అదుపు చేయాలంటే స్పష్టమైన లిఖిత నియమాలు ఉండాలన్న విద్యార్థుల వాదనను ఆ పాదసూచిక తిరస్కరించింది. అలాంటి నియమాలు బోధన చేసే వెసులుబాటును కుదించవచ్చునన్నది కారణం. ఒకచోట శాఖాపరమైన లిఖిత సర్క్యులరు కూడా చాలదు, చట్టం కావాలి. మరొకచోట లిఖిత నియమం కూడా అక్కరలేదు. రెండూ బడిపిల్లల గురించి, రెండేళ్ళ తేడాతో వచ్చిన తీర్పులే. వీటి మధ్య భేదం ఉదారత పరిమాణంలో లేదు. అధికారాన్ని ఎక్కడినుంచి చూశారన్నదానిలో ఉంది. వైట్ ‘ఈ నిర్ణయం సహేతుకమా?’ అని అడిగాడు. చిన్నప్పరెడ్డి అంతకంటే ముందు ‘ఈ నిర్ణయం తీసుకొనే అధికారం నీకు ఎవరిచ్చారు?’ అని అడిగారు.

ఈ పోలికకు హద్దు కూడా ఉంది. బిజో ఇమ్మాన్యుయేల్ మౌనానికి, మనస్సాక్షికి సంబంధించినది. సంస్థ సొమ్ముతో అచ్చయ్యే పత్రికను గురించినది కాదు. వైట్ చేసిన సహనం–ప్రోత్సాహం విభజన ప్రకారం అది సహనం వైపే చేరుతుంది. కాబట్టి ఆ తీర్పు నుంచి కళాశాల సంచికలకు నేరుగా హక్కును తీయడం తొందరపాటు. అయితే ముందస్తు సెన్సారుపై భారత సుప్రీంకోర్టు అనుమానదృష్టి పాతదే. 1950లోనే బ్రిజ్‌భూషణ్ కేసులో ‘ఆర్గనైజర్’ వారపత్రికపై విధించిన ముందస్తు పరిశీలన ఉత్తర్వును అది కొట్టివేసింది. పత్రిక పుటల సంఖ్యను ధరతో ముడిపెట్టి ప్రభుత్వం నియంత్రించడం భావప్రకటన స్వేచ్ఛకు భంగమని 1961లో సకాల్ కేసులో చెప్పింది. పుటలు తగ్గించడం వాక్కును తగ్గించడమేనన్న గ్రహింపు హేజెల్‌వుడ్‌కు చాలా ముందే ఇక్కడ ఉంది.

8. ఉపసంహారం

హేజెల్‌వుడ్ తీర్పు పాఠశాల పత్రికను పాఠంగా మార్చి గురువు అధికారాన్ని కాపాడాలనుకున్నది. కాని పాఠం అన్న మాటకు అధికారంతో పాటు బాధ్యత కూడా ఉంటుంది. దిద్దినవాడు దిద్దిన కారణం చెప్పాలి. తప్పు చేసినవాడికి సరిచేసుకొనే అవకాశం ఇవ్వాలి. తప్పున్న చోటనే గీత గీయాలి. ఈ మూడూ లేని కొట్టివేత బోధన కాదు. అది పరిపాలన మాత్రమే. తీర్పు అధికారాన్ని పాఠం పేరుతో ఇచ్చి, బాధ్యతను అడగడం మరచిపోయింది. అదే దాని అంతర్వైరుధ్యం.

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో వెలువడే వార్షిక సంచికల సంపాదకత్వ బాధ్యత తరచుగా భాషాధ్యాపకులపైనే పడుతుంది. విద్యార్థి కవితలో ఒక పంక్తిని, వ్యాసంలో ఒక విమర్శను ఉంచాలా తీయాలా అన్న నిర్ణయం వారి బల్లమీదనే జరుగుతుంది. అది ఏ న్యాయస్థానానికీ చేరదు. అందుచేత ఈ తీర్పుల పఠనం న్యాయశాస్త్ర విద్యార్థులకే పరిమితమైన విషయం కాదు. ఏవి అచ్చుకు నోచుకోవో ముందే రాసి విద్యార్థులకు ప్రకటించిన నియమం, తీసివేతకు చెప్పిన కారణం, సవరణకు ఇచ్చిన గడువు – ఈ మూడింటికి చట్టం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. వీటిని పాటించే అధ్యాపకుడు వైట్ కోరిన బోధనా ప్రయోజనాన్నీ, చిన్నప్పరెడ్డి అడిగిన అధికార ఆధారాన్నీ ఏకకాలంలో చూపగలుగుతాడు. వీటిని పాటించని చోట, అచ్చుకాని పుటల నుంచి విద్యార్థి నేర్చుకొనే మొదటి పాఠం ఏమి రాయకూడదన్నదే అవుతుంది.